నెల తేడాతో పుట్టిన అన్నదమ్ములు

లైనక్స్ చరిత్ర: నాలుగో భాగం

లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్‌ను జీపీఎల్ లైసెన్సు కిందికి మార్చిన ఘట్టం దగ్గర కిందటి భాగాన్ని ఆపాం. 1992 మొదటి నెలల సంగతి అది. అప్పటికి లైనక్స్ కెర్నల్‌ను సంపాదించడం కష్టమేమీ కాదు. ఫిన్లాండ్‌లోని విశ్వవిద్యాలయ సర్వర్‌లో ఉంది, నెట్ అందుబాటులో ఉన్న ఎవరైనా దించుకోవచ్చు. దానితో పని చేయించుకోవడమే కష్టం. కెర్నల్ ఒక్కటీ చేతిలో ఉంటే చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆదేశాలు అందుకోవడానికి షెల్ కావాలి, ప్రోగ్రాములు రాసుకోవడానికి కంపైలర్ కావాలి, ఫైళ్లు చూడటానికీ కాపీ చేయడానికీ చెరపడానికీ పదుల కొద్దీ చిన్న పనిముట్లు కావాలి. అవన్నీ అప్పటికే ఉన్నాయి. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వాటిలో చాలావాటిని తయారుచేసి పెట్టింది. కాకపోతే ఒక్కోటీ ఒక్కోచోట ఉంది. వాటిని వెతికి తెచ్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చే బాధ్యత ఎవరిది?

ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అలాంటి కూర్పుల్లో స్లాక్‌వేర్ అంటే ప్రాణం పెట్టేవాళ్లూ, డెబియన్ తప్ప మరోటి ముట్టనివాళ్లూ, రెడ్ హ్యాట్ దగ్గర స్థిరపడినవాళ్లూ ఏళ్ల తరబడి వాదించుకున్నది పైకి మెనూల గురించీ ప్యాకేజీల గురించీ అనిపిస్తుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని సరిపెట్టుకుంటాం. ఆ వాదన కేవలం రుచికి సంబంధించినది కాదని నా నమ్మకం. కెర్నల్ అందరిదీ ఒకటే, కంపైలర్ ఒకటే, షెల్ ఒకటే. తేడా అంతా వాటిని కూర్చిన చేతుల్లో ఉంది. ఎవరి కూర్పును నమ్మి మన కంప్యూటర్‌ను అప్పగిస్తాం అన్నదే అసలు విషయం.

మొదటి కూర్పు హెచ్. జె. లు అనే ప్రోగ్రామర్ చేశాడు. రెండు ఫ్లాపీలు. ఒకటి బూట్ ఫ్లాపీ, రెండోది రూట్ ఫ్లాపీ. మొదటిది పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే కెర్నల్ లేస్తుంది. అది అడిగినప్పుడు రెండోది పెడితే షెల్, కొన్ని పనిముట్లు చేతికొస్తాయి. హార్డ్ డిస్క్ నుంచే నేరుగా లైనక్స్ లేవాలంటే మాత్రం డిస్కు మొదటి సెక్టారులోని బైట్లను హెక్స్ ఎడిటర్‌తో ఎవరికి వారు దిద్దుకోవాలి. అక్కడ ఒక్క అంకె తప్పుపడితే లైనక్స్ మాట అటుంచి, అప్పటిదాకా పనిచేస్తున్న డాస్ కూడా లేవదు. 1992 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ కంప్యూటింగ్ సెంటర్‌లో పనిచేసే ఓవెన్ లే బ్లాంక్ ఆ బాధను చాలావరకు తప్పించాడు. తమ విశ్వవిద్యాలయంలోని వాళ్లు లైనక్స్‌ను రుచి చూడటానికి వీలుగా, మెనూ చూసుకుంటూ హార్డ్ డిస్కులో దించుకునే పద్ధతి పెట్టాడు. దాన్ని ఎంసీసీ ఇంటరిమ్ లైనక్స్ అన్నారు. మంచి కొత్తది వచ్చేదాకా తాత్కాలికంగా వాడుకోమని పేరులోనే చెప్పాడు. అమెరికాలో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లూ అదే ఏడాది తమ కూర్పు ఒకటి తెచ్చారు.

వీటన్నిటినీ దాటుకుని జనంలోకి వెళ్లింది ఎస్‌ఎల్‌ఎస్. పూర్తిపేరు సాఫ్ట్‌ల్యాండింగ్ లైనక్స్ సిస్టమ్. కెనడాకు చెందిన పీటర్ మెక్‌డొనాల్డ్ 1992లో విడుదల చేశాడు. బొమ్మల తెరకు ఎక్స్ విండో, నెట్‌వర్కుకు టీసీపీ/ఐపీ, కంపైలర్లు, ఎడిటర్లు అన్నీ అందులో ఉన్నాయి. డాస్‌తో విసిగినవాళ్లు ఇటు దూకితే మెత్తగా దిగుతారన్నది అతని హామీ. కొన్ని నెలల్లోనే అభిరుచితో లైనక్స్ పెట్టుకునే వాళ్లలో ఎక్కువమంది దగ్గరకు చేరింది. ఆ రోజుల్లో లైనక్స్ వేసుకున్నానని ఎవరైనా అంటే, అది చాలావరకు ఎస్‌ఎల్‌ఎసే.

అయితే అందులో తప్పులు కుప్పలుగా ఉన్నాయి. వందల ప్రోగ్రాములను పోగుచేసి పెట్టడం ఒక పని, అవి ఒకదానికొకటి అడ్డు తగలకుండా చూడటం ఇంకో పని. మొదటిది మెక్‌డొనాల్డ్ ఉత్సాహంతో చేశాడు. రెండోది ఒక్క మనిషి వల్ల కాలేదు. దించుకున్నాక కొన్ని ఫైళ్లకు అనుమతులు తప్పుగా ఉండేవి, కొన్ని లైబ్రరీలు ఉండాల్సిన చోట ఉండేవి కావు. ఒక విడుదలలో జనం ఎత్తిచూపిన తప్పు తర్వాతి విడుదలలోనూ అలాగే కనిపించేది. అయినా మెక్‌డొనాల్డ్‌ను చిన్నచూపు చూడటం అన్యాయమని నా అభిప్రాయం. లైనక్స్‌ను సంపూర్ణమైన వ్యవస్థగా సామాన్యుడి ముందు పెట్టవచ్చని చూపించినవాళ్లలో అతను ముందువరుసలో ఉన్నాడు. పైగా ఆ తప్పులను భరించలేకనే ఇద్దరు కుర్రాళ్లు, ఒకరికొకరు సంబంధం లేకుండా, అమెరికాలో రెండు వేరు వేరు ఊళ్లలో పని మొదలుపెట్టారు.

మొదటివాడు పాట్రిక్ వోల్కర్డింగ్. మిన్నెసోటా రాష్ట్రంలోని మూర్‌హెడ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఒక కోర్సు పనికి అతనికి లిస్ప్ భాష ఇంటర్‌ప్రెటర్ కావలసి వచ్చింది. లైనక్స్ మీద నడిచే సీలిస్ప్ కనిపించింది. దానికోసం ఎస్‌ఎల్‌ఎస్ వేసుకున్నాడు. అతనికి కృత్రిమ మేధ పాఠాలు చెప్పే ప్రొఫెసర్‌కు అది నచ్చి, తన కంప్యూటర్లలోనూ పెట్టమన్నాడు. పెట్టిన ప్రతిసారీ ఎస్‌ఎల్‌ఎస్‌లోని అవే తప్పులను చేత్తో సరిచేయాలి. ఆ చాకిరీ ఎందుకని వోల్కర్డింగ్ ఆ సవరణలన్నిటినీ ఫ్లాపీల్లోకే ఎక్కించేశాడు. అంతకుమించి ఉద్దేశమేదీ అప్పటికి అతనికి లేదు. ఎస్‌ఎల్‌ఎస్ కొత్త విడుదల కోసం ఎదురుచూస్తున్న జనం గొణుగుడు చూసి, నా దగ్గర సరిచేసిన కూర్పు ఒకటుంది, ఎవరికైనా కావాలా అని యూజ్‌నెట్ చర్చావేదికలో అడిగాడు. కావాలంటూ కుప్పతెప్పలుగా జవాబులొచ్చాయి. 1993 జూలై 17న స్లాక్‌వేర్ 1.00 వెలువడింది.

అది 24 ఫ్లాపీల కూర్పు. ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. ఒక్కో మూడున్నర అంగుళాల ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. అప్పటి మంచి మోడెమ్ వేగం సెకనుకు 14,400 బిట్లు. ఆ లెక్కన ఒక ఫ్లాపీకి సరిపడా సమాచారం దిగడానికి దాదాపు పావుగంట, మొత్తం దిగడానికి ఆరు గంటలు. ఫోన్ లైను మధ్యలో తెగకపోతేనే సుమా! విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లు అక్కడి వేగమైన లైనులో దించుకుని, ఫ్లాపీల్లో నింపుకుని ఇంటికి మోసుకెళ్లేవారు. ఇంట్లో కూర్చుని ఒకటి తర్వాత ఒకటి పెడుతూ పోవాలి. పదిహేడో ఫ్లాపీలో ఒక సెక్టారు చెడితే పని ఆగిపోతుంది. మళ్లీ కాలేజీకి వెళ్లి ఆ ఒక్కదాన్ని తెచ్చుకోవాలి.

అందుకే వోల్కర్డింగ్ కొనసాగించిన సెట్ల పద్ధతికి అంత విలువ. ఫ్లాపీలకు అక్షరాలతో గుంపులు కట్టారు. ఎ గుంపులో కెర్నల్, షెల్ లాంటి మూలసరంజామా. ఎన్ అంటే నెట్‌వర్కు. ఎక్స్ అంటే బొమ్మల తెర. డి అంటే కంపైలర్లు. ఇ గుంపంతా ఈమ్యాక్స్ ఎడిటరే. టి అంటే అచ్చుకూర్పు ప్రోగ్రాము టెక్. వై గుంపులో ఆటలు. మోడెమ్ నిదానమైనవాడు ఎ గుంపుతో మొదలుపెట్టి, డబ్బూ ఓపికా చూసుకుంటూ మిగతావి తర్వాత తెచ్చుకోవచ్చు. ఎక్స్ గుంపు దగ్గరికి వచ్చేసరికి గుండె చిక్కబట్టుకోవాల్సి వచ్చేది. మానిటర్ ఎంత వేగంతో గీతలు గీయగలదో ఆ అంకెలను ఫైల్లో మనమే రాయాలి. తప్పు అంకెలు రాస్తే మానిటరే పాడవుతుందని సూచనల్లో హెచ్చరిక ఉండేది. మానిటర్ వెంట వచ్చిన చిన్న పుస్తకాన్ని పారేయనివాళ్లు బతికిపోయారు.

స్లాక్‌వేర్ ప్యాకేజీ అంటే ఫైళ్లను మూటగట్టి కుదించిన మామూలు దస్త్రం, అంతే. దాన్ని విప్పి ఎక్కడి ఫైళ్లను అక్కడ పెట్టడమే ఇన్‌స్టాల్ చేయడం. ఏ ప్యాకేజీ ఏ ఫైళ్లు పెట్టిందో ఒక చిట్టా రాసుకుంటుంది, తీసేయమంటే ఆ చిట్టా చూసి తీసేస్తుంది. ఈ ప్రోగ్రాముకు ఫలానా లైబ్రరీ కావాలని మాత్రం అది మనకు చెప్పదు. 1993లో చెప్పలేదు, 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్లాక్‌వేర్ 15.0లోనూ చెప్పలేదు. తెలుసుకోవాల్సింది వాడేవాడే. కంప్యూటర్ లేచేటప్పుడు నడిచే స్క్రిప్టులు కూడా అలాగే తేటగా ఉంటాయి. ఒక డైరెక్టరీలో కొన్ని ఫైళ్లు, మామూలు ఎడిటర్‌తో తెరిచి పైనుంచి కిందికి చదివితే యంత్రం ఏ క్రమంలో ఏం చేస్తుందో అర్థమవుతుంది. రెడ్ హ్యాట్ నేర్చుకున్నవాడికి రెడ్ హ్యాట్ వస్తుంది, స్లాక్‌వేర్ నేర్చుకున్నవాడికి లైనక్స్ వస్తుంది అన్న నానుడి హాబీగా లైనక్స్ పట్టుకున్నవాళ్ల మధ్య పుట్టింది ఇందువల్లే. ఆ మాటలో కొంత గర్వం ఉంది. నిజం కూడా చాలా ఉంది.

స్లాక్‌వేర్‌లో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్న ఆఖరిమాట మొదటిరోజు నుంచీ వోల్కర్డింగ్‌దే. సాయపడేవాళ్లు ఉన్నారు, సలహాలిచ్చేవాళ్లు ఉన్నారు. నిర్ణయం మాత్రం ఒక్కడిది. ఒకే మనిషి అభిరుచి నడిపించడం వల్ల ఆ కూర్పులో మొదటి ఫైలు నుంచి చివరి ఫైలు దాకా ఒక పొందిక కనిపిస్తుంది. ఆ మనిషికి ఏదైనా అయితే అన్న భయం కూడా ఎప్పుడూ వెంటే ఉంది. 2004 చివర్లో వోల్కర్డింగ్ జబ్బుపడి, రోగమేమిటో తేలక, వాడుకరులనే సాయం అడిగినప్పుడు ఆ భయం నిజమవుతుందేమోనని చాలామంది కంగారుపడ్డారు. అతను కోలుకున్నాడు. 2018లో అతని ఆర్థిక ఇబ్బందులు బయటపడినప్పుడు స్లాక్‌వేర్ అభిమానులే ముందుకొచ్చి విరాళాలిచ్చారు. సాఫ్ట్‌వేర్ మీద ఇష్టం ఒక మనిషి మీద ఇష్టంగా మారడం ఈ కథలో నాకు బాగా నచ్చే సంగతి.

ఇక రెండోవాడు. స్లాక్‌వేర్ వచ్చిన సరిగ్గా 30 రోజులకు, 1993 ఆగస్టు 16న, ఇండియానా రాష్ట్రంలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ యూజ్‌నెట్‌లో ఒక ప్రకటన పెట్టాడు. వయసు ఇరవై. అతనూ ఎస్‌ఎల్‌ఎస్ వాడి విసిగినవాడే. దాన్ని దిద్దుతూ దిద్దుతూ పోయి, ఇంతకన్నా మొదటినుంచీ కొత్తగా కట్టుకోవడమే తేలికని నిర్ణయించుకున్నాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరు ఇయాన్‌నూ కలిపి డెబియన్ అన్నాడు. తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు.

ఒకే రోగానికి ఇద్దరూ వేసిన మందులు ఎంత భిన్నమో చూడండి. ఎస్‌ఎల్‌ఎస్‌లో తప్పులున్నాయి కాబట్టి ఆ తప్పులు దిద్దాలి అనుకున్నాడు వోల్కర్డింగ్. దిద్దాడు. ఎస్‌ఎల్‌ఎస్‌లో తప్పులు ఎందుకు మిగిలిపోతున్నాయి అని ఆలోచించాడు మర్డాక్. వందల ప్రోగ్రాముల భారం ఒక్కడి నెత్తిన ఉంటే ఎంతటివాడైనా చేతులెత్తేస్తాడని అతనికి తోచింది. 1994 జనవరి నాటి డెబియన్ మానిఫెస్టోలో అతని వాదన సారం అదే. కెర్నల్‌ను ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు బహిరంగంగా రాస్తున్నప్పుడు, దాని చుట్టూ ఉన్న కూర్పును మాత్రం ఒక్కడు గదిలో కూర్చుని ఎందుకు చేయాలి? ప్రతి ప్యాకేజీకి ఒక బాధ్యుడుంటాడు. అతనికి ఆ ఒక్కదాని లోతుపాతులన్నీ తెలుస్తాయి. తప్పు ఉందని ఎవరైనా రాస్తే జవాబు చెప్పాల్సింది అతనే, ఆ ఉత్తరమూ జవాబూ అందరికీ కనిపిస్తాయి.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఒకరి ముఖం ఒకరు చూడని పదులమంది తలో ముక్కా తయారుచేస్తే ఆ ముక్కలు అతుక్కునేదెలా? డెబియన్ గొప్ప సాంకేతిక ఆలోచన ఈ అవసరంలోంచే పుట్టింది. ప్రతి ప్యాకేజీ లోపల, ఇది పనిచేయాలంటే ఇంకేమేం కావాలి, దేనితో దీనికి పడదు, ఏది ఉంటే బాగుంటుంది అన్న వివరాలు నిర్దిష్టమైన రూపంలో రాసి ఉండాలి. డీపీకేజీ అనే ప్రోగ్రాము వాటిని చదివి, కావలసింది లేకపోతే ఒప్పుకోదు. మర్డాక్ మొదట్లో రాసిన ఈ ప్రోగ్రామును తర్వాత ఇయాన్ జాక్సన్ సీ భాషలో తిరగరాశాడు. మనుషుల మధ్య కుదరాల్సిన ఒప్పందాన్ని ప్యాకేజీల మధ్య ఒప్పందంగా రాసుకున్నారన్నమాట. స్లాక్‌వేర్‌కు ఆ అవసరం రాకపోవడంలోనూ వింత లేదు. అక్కడ ముక్కలన్నీ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి.

ఈ పద్ధతికి చెల్లించిన మూల్యం కాలం. 1994 నవంబరు నుంచి ఏడాదిపాటు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ డెబియన్‌కు ఆర్థికంగా అండగా నిలిచింది. అయినా 1.1 విడుదల 1996 జూన్‌కు గానీ రాలేదు. అప్పటికి మర్డాక్ నాయకత్వం వదిలి, పిక్సార్ స్టూడియోలో పనిచేసే బ్రూస్ పెరెన్స్ ఆ బాధ్యత తీసుకున్నాడు. విడుదలలకు టాయ్ స్టోరీ సినిమాలోని బొమ్మల పేర్లు పెట్టే ఆచారం అప్పుడు మొదలైంది. 1.1 పేరు బజ్. అందులో 474 ప్యాకేజీలు. రెండేళ్ల తర్వాత 1998 జూలైలో వచ్చిన 2.0లో 1500కు పైగా ప్యాకేజీలు, వాటి వెనుక 400కు పైగా మనుషులు.

ఈలోగా మూడో దారి తెరుచుకుంది. కార్నెగీ మెలన్‌లో చదివిన మార్క్ యూయింగ్ తాత ఇచ్చిన ఎర్ర టోపీ పెట్టుకు తిరిగేవాడు. ఆ టోపీ పేరుమీదనే తన లైనక్స్‌ను 1994లో తెచ్చాడు. కేటలాగు ద్వారా యూనిక్స్ పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ అమ్మే బాబ్ యంగ్ దాని సీడీలు కొని అమ్మి, 1995లో యూయింగ్‌తో చేతులు కలిపాడు. ఆ ఏడాదే ఆర్‌పీఎం ప్యాకేజీలు వచ్చాయి. వీటిలోనూ ఏది దేనిమీద ఆధారపడిందో రాసి ఉంటుంది. అన్నిటికన్నా జనానికి నచ్చినది, పాత విడుదల మీదనే కొత్తదాన్ని ఎక్కించే వీలు. మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. ఆర్‌పీఎంతో ఒక చిక్కు మాత్రం ఉండేది. ఫలానా లైబ్రరీ లేదని చెప్పి ఆగిపోయేది గానీ దాన్ని తెచ్చిపెట్టేది కాదు. ఆ లైబ్రరీ వెతికి తెస్తే దానికి ఇంకోటి కావాలనేది, అది తెస్తే మరోటి. ఒక చిన్న పాటల ప్లేయర్ వేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

మూడింటి స్వభావాలనూ బయటపెట్టిన పరీక్ష ఒకటుంది. సీ లైబ్రరీ మార్పు అది. ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా, తెరమీద అక్షరం పడాలన్నా ప్రతి ప్రోగ్రామూ అడిగేది సీ లైబ్రరీనే. అది మారితే దాని మీద నిలబడ్డ ప్రతిదాన్నీ మళ్లీ కంపైల్ చేయాలి. లైనక్స్ వాళ్లు అంతవరకూ గ్నూ లైబ్రరీ నుంచి విడదీసి తమకు తగ్గట్టు మలుచుకున్న లిబ్‌సీ 5ను వాడుతున్నారు. దాన్ని చూసుకుంటున్నది మరెవరో కాదు, రెండు ఫ్లాపీల హెచ్. జె. లు. 1997 జనవరిలో గ్నూ లైబ్రరీ 2.0 విడుదల వచ్చింది. అన్నివిధాలా మెరుగైనది. అందరూ దానికి మారక తప్పదని తేలిపోయింది. ఎప్పుడు, ఎలా అన్నదే మిగిలింది.

రెడ్ హ్యాట్ ముందు దూకింది. 1997 డిసెంబరు నాటి 5.0 విడుదలలోనే కొత్త లైబ్రరీ పెట్టేసింది. వాడుకరులకు చుక్కలు కనిపించాయి. పాత ప్రోగ్రాములు మొరాయించాయి, సవరణల మీద సవరణలు వచ్చాయి. కానీ ఎవరో ఒకరు ముందు దిగకపోతే ప్రోగ్రాములు రాసేవాళ్లు కొత్త లైబ్రరీ వైపు కదలరు. ఆ దెబ్బలు కాచుకున్నది రెడ్ హ్యాట్ వాడుకరులే.

డెబియన్ మరో ఏడు నెలలు తీసుకుంది. పాత ప్రోగ్రాములూ కొత్త ప్రోగ్రాములూ ఒకే యంత్రంలో కలిసి నడిచేలా, పాత లైబ్రరీలను ఉన్నచోటే ఉంచి, కొత్తగా కంపైల్ చేసినవాటి పేరు చివర జి అనే అక్షరం చేర్చింది. నాలుగొందలమంది తమ తమ ప్యాకేజీలను ఒక్కోటిగా అటువైపు చేర్చారు. 1998 జూలైలో 2.0 వచ్చేనాటికి 1500 పైచిలుకు ప్యాకేజీలు కొత్త లైబ్రరీ మీద నిలబడ్డాయి. ఆ జి అక్షరం ఒకచోట ఇంకా చెక్కుచెదరలేదు. డెబియన్ లేదా దాని ఆధారంగా వచ్చిన ఉబుంటు వాడేవాళ్లు తమ కంప్యూటర్‌లో జెడ్‌లిబ్1జి అనే ప్యాకేజీ కోసం వెతికితే కనిపిస్తుంది. 1998 నాటి ఆ పెద్ద వలసకు గుర్తు అది.

వోల్కర్డింగ్ తొందరపడలేదు. 1999 మేలో వచ్చిన స్లాక్‌వేర్ 4.0 కూడా పాత లిబ్‌సీ 5 మీదనే ఉంది. అందరూ తప్పులన్నీ చేసి సరిదిద్దుకున్నాక, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన తర్వాతి విడుదలలో మారాడు. దానికి 5 అని కాకుండా 7.0 అని అంకె వేశాడు. మిగతావాళ్ల అంకెలు పెద్దగా ఉండటం చూసి, స్లాక్‌వేర్ వెనకబడిందా అని జనం అదేపనిగా అడగడమే దానికి కారణం.

కొత్తది వెంటనే కావాలనుకునేవాడు, సరిగ్గా కుదిరాకే కావాలనుకునేవాడు, నడుస్తున్నదాన్ని కదపవద్దనేవాడు. మనకు ఏది ఇష్టమో తేల్చుకోవడానికి ఈ రెండేళ్ల కథను మించిన కొలత నాకు తెలియదు.

మన దేశానికి ఈ మూడూ వచ్చిన దారి వేరు. విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచింది 1995 ఆగస్టు 15న. ఆ డయలప్ లైన్లలో పదుల మెగాబైట్లు దించుకోవడం సామాన్యుల తాహతుకు మించిన పని. అందుకని లైనక్స్ ఇక్కడికి పత్రికతో పాటు వచ్చింది. 1996లో పీసీ క్వెస్ట్ పత్రిక స్లాక్‌వేర్ సీడీని పాఠకులకు అందించింది. దాని వెనుక ఉన్నది బెంగళూరుకు చెందిన అతుల్ చిట్నిస్. తర్వాతి ఏళ్లలో ఆ పత్రిక సీడీలు రెడ్ హ్యాట్ ఆధారంగా వచ్చాయి. పత్రిక కొన్నవాడు సీడీని పదిమందికి కాపీ చేసివ్వవచ్చు. లైసెన్సు దానికి అడ్డు చెప్పకపోగా ప్రోత్సహిస్తుంది. రెడ్ హ్యాట్ వాళ్లు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టాక హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డులమీదికి ఆ పేరు ఎక్కింది. మన ఊళ్లలో ఎందరికో లైనక్స్ అంటే రెడ్ హ్యాట్ అన్న అభిప్రాయం ఏర్పడటానికి ఆ బోర్డులూ, ఆ సీడీలూ కారణం. డెబియన్ ఆ హడావుడి లేకుండా వేరే తోవలో వచ్చింది. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని పూనుకున్న స్వేచ్ఛ బృందమూ, మన భాషల కోసం బాస్ లైనక్స్ తెచ్చిన సీడాక్ సంస్థా పునాదిగా ఎంచుకున్నవి డెబియన్‌నే. ఎవరి అనుమతీ అడగకుండా దానిమీద ఇంకోటి కట్టుకోవచ్చన్న భరోసా అందులో రాతపూర్వకంగా ఉంది.

ఆ రాతకు ఒక చరిత్ర ఉంది. 1997లో డెబియన్ బృందంలోని ఈన్ షూస్లర్ రెడ్ హ్యాట్‌కు చెందిన బాబ్ యంగ్‌తో మాట్లాడుతూ ఒక సలహా ఇచ్చాడు. మీ కంపెనీ రేపు ఎంత పెద్దదైనా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆదర్శాలను వదలబోమని వాడుకరులకు ఒక హామీపత్రం రాసివ్వకూడదా అన్నాడు. అలా చేస్తే కంపెనీ మనుగడకే ముప్పన్నది యంగ్ జవాబు. వ్యాపారిగా ఆ జవాబులో తప్పు పట్టడానికి లేదు, చేతులు కట్టేసుకుని ఎవరూ వ్యాపారం చేయలేరు. షూస్లర్ ఆ మాటను తనవాళ్ల దగ్గరికి తెచ్చాడు. కంపెనీ ఇవ్వలేని హామీని మనం ఇవ్వగలం కదా అన్న ఆలోచన అక్కడ పట్టుకుంది. పెరెన్స్ ముసాయిదా రాశాడు, నెలరోజులు అందరూ చర్చించి దిద్దారు, 1997 జూలైలో డెబియన్ సామాజిక ఒప్పందం వెలువడింది. డెబియన్ ఎప్పటికీ స్వేచ్ఛగానే ఉంటుందనీ, తప్పులను దాచిపెట్టబోమనీ అందులో ఉంది. ఏ లైసెన్సును స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకుంటారో చెప్పే నియమాలూ ఉన్నాయి. మరుసటి ఏడాది ఓపెన్ సోర్స్ అనే మాట పుట్టినప్పుడు దానికి నిర్వచనంగా తీసుకున్నది, డెబియన్ పేరు తీసేసి, ఆ నియమాలనే.

నన్ను అడిగితే నా మొగ్గు డెబియన్ వైపే. విడుదలలు ఆలస్యమవుతాయి, చర్చలు ఎడతెగవు, 1999 మార్చిలో ఆప్ట్ వచ్చేదాకా ప్యాకేజీలు ఎంచుకునే డీసెలెక్ట్ మెనూ మొండికేసిన మనిషితో వేగినట్టే ఉండేది. ఆప్ట్ వచ్చాక ఒక్క ఆదేశంతో ప్రోగ్రామూ, దానికి కావలసినవన్నీ వాటంతటవే దిగి కూర్చోవడం మొదలైంది. నాలుగేళ్లుగా ప్రతి బాధ్యుడూ ఓపికగా రాసిపెట్టిన ఆధారాల వివరాలు అక్కడ అక్కరకొచ్చాయి. అంతమంది అపరిచితులు ఒక రాతకు కట్టుబడి కట్టినదాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. స్లాక్‌వేర్ వాళ్లు ఒక మనిషి నిజాయితీని నమ్ముతారు, రెడ్ హ్యాట్ వాళ్లు ఫోన్ చేస్తే పలికే కంపెనీని నమ్ముతారు. వాళ్ల నమ్మకాలూ వమ్ముకాలేదు.

సామాజిక ఒప్పందానికి తొలి గట్టి పరీక్ష మరుసటి ఏడాదే ఎదురైంది. జర్మనీ విద్యార్థి మతియాస్ ఎట్రిచ్ 1996లో మొదలుపెట్టిన కేడీఈ డెస్క్‌టాప్, 1998 జూలై 12న 1.0 విడుదలకు చేరింది. అప్పటిదాకా లైనక్స్ మీద చూసినవాటన్నిటికన్నా అందమైనది, విండోస్ నుంచి వచ్చినవాడికి ఇట్టే అలవాటయ్యేది. దాని పునాది మాత్రం నార్వేలోని ట్రోల్‌టెక్ కంపెనీ తయారుచేసిన క్యూటీ లైబ్రరీ. ఆనాటి క్యూటీ లైసెన్సు డెబియన్ నియమాలకు సరిపోదు. వాడుకరులు ఎంత మొత్తుకున్నా అక్టోబరులో డెబియన్ తన భాండారం నుంచి కేడీఈని తొలగించింది. రెడ్ హ్యాట్ కూడా లైసెన్సు కారణంగానే దాన్ని తన సీడీలో పెట్టలేదు.

ఫ్రాన్స్‌లో గేల్ డువాల్ అనే కుర్రాడు ఈ రెండింటి నిర్ణయం కోసం ఆగలేదు. రెడ్ హ్యాట్ 5.1 తీసుకుని, అందులో కేడీఈ 1.0 కలిపి, జూలై 23న సర్వర్‌లో పెట్టాడు. దానికి మాండ్రేక్ అని పేరు పెట్టాడు. ఆ సర్వర్‌కు తర్వాత ఏమైందో, హాబీ వాడుకరుల పక్కనే వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా లైనక్స్ ముందు ఎలా కూర్చున్నారో వచ్చే భాగంలో చూద్దాం.

(సశేషం)